బండారి వారి పెట్ట, మేకల వారి పుంజు

కోడికి ఇంటిపేరు ఉంటుందా అని నవ్వేవాళ్లు ఇప్పుడే నవ్వేయండి. నాకు తొందర లేదు, ఆగుతాను. మా జహనుమా గల్లీలో గుండయ్య ముప్పై ఏళ్లుగా ఇంటిపేరు తెలియని కోడిని గడప తొక్కనివ్వలేదు. పుంజును చూస్తే మనందరికీ మసాలా గుర్తొస్తుంది. ఆయన మాత్రం కళ్లజోడు ముక్కు మీదికి తోసుకుని, "ఎవల బిడ్డ ఇది?" అంటాడు.

రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేశాడు. ఫలక్‌నుమా పట్టాల మీద సుత్తి పట్టుకుని నడిచి, ఎక్కడ బోల్టు వదులైందో చెవితో పట్టేవాడు. డ్యూటీ దిగి ఇంటికొస్తే ఆ చెవి, ఆ కన్ను కోళ్ల మీద పడేవి. పొడుగాటి నల్ల అట్ట పుస్తకం ఒకటి పెట్టాడు. ఏ కోడి ఏ ఇంటి నుంచి వచ్చిందో ఆ ఇంటిపేరే దానికి. మా ఇంటి కోళ్లు బండారి వారు. కిషన్‌బాగ్‌లో ఆయన దోస్తు, ఆటో నడిపే జోయెల్ ఇంటి కోళ్లు మేకల వారు. మేకల ఇంటిపేరు పెట్టుకుని కొక్కొరొకో అనే పుంజును నేను ఈ కళ్లతో చూశాను.

నేను రెండో తరగతి దాకా చదివాను. మూడో తరగతి పంతులు నన్ను భరించలేనన్నాడు. అయినా ఉన్నది ఉన్నట్టు రాయడానికి ఆ రెండు తరగతులు చాలు.

ఆయన నియమం ఒక్కటే. ఒకే ఇంటిపేరు కోళ్లు జతకట్టకూడదు. అన్నాచెల్లెళ్లు వద్దు, బావామరదళ్లూ వద్దు. ఏడాదికోసారి కొత్త సంబంధం వెతకాలి. అందుకని పుంజును చంకన పెట్టుకుని బస్సెక్కి కిషన్‌బాగ్ పోయేవాడు.

"తాతా, పుంజుకు టికెట్ తీసుకో," అంది కండక్టరమ్మ ఒకసారి.

"పెండ్లికొడుకును టికెట్ అడుగుతరా బిడ్డా?"

"పెండ్లికొడుకైతే రెండు టికెట్లు."

గొణుక్కుంటూ తీసుకున్నాడు. సాయంత్రం తిరుగు ప్రయాణంలో మేకల వారి పెట్టతో ఎక్కాడు. అదే బస్సు, అదే కండక్టరమ్మ.

"ఇప్పుడడుగు చూద్దాం. ఇది ఆడది. ఆడోళ్లకు ఫ్రీ."

"ఫ్రీ అయితే ఆధార్ కార్డు చూపెట్టమను."

గుండయ్య నల్ల పుస్తకం తీశాడు. పెట్ట తల్లి పేరు, తల్లి తల్లి పేరు గట్టిగా చదవడం మొదలుపెట్టాడు. బహదూర్‌పురా వచ్చేసరికి ఇంకా ముత్తాత దగ్గరే ఉన్నాడు. కండక్టరమ్మ దండం పెట్టి ముందు తలుపు దగ్గరికి పోయింది.

ఇంకో సంగతి. గద్ద వస్తే గల్లీ అంతా రాళ్లు రువ్వుతుంది. ఆయన రువ్వడు. చూస్తూ నిలబడతాడు, తర్వాత పుస్తకంలో రాస్తాడు. తెల్లది పోయింది. బద్ధకంగా నడిచేది పోయింది. తల్లి పిలిస్తే తల తిప్పని పిల్ల పోయింది. ఏళ్లు గడిచేసరికి ఆయన వాకిట్లో మట్టిరంగు కోళ్లే మిగిలాయి. గద్ద నీడ పడితే చాలు, వాకిలి ఖాళీ. కళ్లముందే మాయం.

"మస్తు నేర్పినవన్నా," అన్నాను.

"నేను నేర్పుడేంది చెల్లె? ఇననియి పోయినయి. ఇన్నయి పిల్లల్ని చేసినయి. గంతే."

బాగానే ఉంది కానీ, మా ఇద్దరి మధ్యా నడుమెత్తు గోడ ఒకటుంది. నా పుంజు, తరం మారినా, రసికుడే. గోడ దూకేది. దూకిన ప్రతిసారీ ఆయన వచ్చి గుమ్మంలో చెయ్యి చాపేవాడు.

"జుర్మానా!"

జుర్మానా అంటే ఒక గుడ్డు. అదీ ఆ పూట పెట్టిన గుడ్డే కావాలి, పాతది పనికిరాదు. ముప్పై ఏళ్లు ఇచ్చాను. ఆ గుడ్లతో అట్టు వేసుకుని తింటున్నాడనే అనుకున్నాను. అనుకోవడమేంటి, గల్లీలో నలుగురికీ చెప్పాను కూడా. "నా పుంజు దూకాలె, గుండయ్య నాష్టా చెయ్యాలె," అని.

నిరుడు చలికాలంలో నా పుంజు ముసలిదైంది. గుడ్లమ్ముకునే మనిషిని, మొగుడు పోయినప్పటి నుంచీ ఆ పెట్టలే నాకు అన్నం పెట్టాయి. ఒకరి చేతి ముద్ద తినలేదు. పిల్లలు దిగకపోతే ఏడాది తిరిగేసరికి గుడ్లుండవు. అందుకని గుండయ్య దగ్గరున్న ఎర్ర పుంజును అడిగాను. ఆయన పుస్తకం తిరగేశాడు. తల అడ్డంగా ఊపాడు.

"కుదరదు చెల్లె. నీ పుంజు గోడ దూకితే పుట్టిందిది, నీ పెట్టలు దీనికి అక్కల వరస."

"వరసలు మనుషులకే, అన్నా! మా మేనమామను చేస్కున్నదాన్ని నేను. నాకు లేని అడ్డు నా కోళ్లకెందుకు?"

"నిన్ను చూసినంకనే చెప్తున్న."

గల్లీకి గల్లీ నవ్వింది. నేను మాట్లాడకపోతే ఏదో ఒకటి చేస్తానని ఆయనకు తెలియాల్సింది. ఆదివారం నాటికి నా నాటు కోళ్లన్నిటినీ కూరకు అమ్మేశాను. ముప్పై ఏళ్ల బండారి వంశం ఒక్క పూటలో మసాలా పాలైంది. మరునాడు దాణా కొట్టు వైకుంఠం సేటు దగ్గర ఇరవై తెల్ల కోళ్లు తెచ్చాను. ఒకే షెడ్డువి, ఒకే ఎత్తు, ఒకే ఒంపు. ఇరవైనీ ఒకే అచ్చులో పోసినట్టున్నాయి.

"రోజుకొక గుడ్డు రాజమణమ్మా, గ్యారంటీ," అన్నాడు సేటు. "ఆ గుండయ్య కోళ్లు కోళ్లేనా? ఒకదానికి మెడ మీద బొచ్చు లేదు, ఒకటి కుంటిది. సర్కస్ అది."

గుడ్లు నిజంగానే రోజూ పెట్టాయి. ఆ గుడ్ల గిన్నెను కావాలనే గోడ మీద పెట్టేదాన్ని, ఆయనకు కనబడాలని.

గుండయ్య గోడవతల నుంచి ఒక్క మాటన్నాడు. "ఇరవై తలుపులకు ఒక్కటే తాళం పెట్టినవ్ చెల్లె. రోగానికి ఒక్క చెవి దొరికితే సాలు."

"నా తలుపులు, నా తాళం. నీకేంది ఫికర్?" అని లోపలికొచ్చేశాను. 'అన్నా' అనడం ఆ రోజే మానేశాను. ఏడు నెలలు మానేశాను.

నెలకే గద్ద మూడింటిని ఎత్తుకుపోయింది. మా ఎర్రమట్టి వాకిట్లో తెల్ల కోడి విస్తరిలో అన్నం లెక్క కనబడుతుంది కదా మరి. ఎండాకాలం పోతూ పోతూ కోళ్ల రోగం తెచ్చింది. సోమవారం ఒకటి మెడ వాల్చింది. గురువారం పొద్దుటికి పదిహేడూ పోయాయి. సేటు షెడ్డులో ఒక్కటి మిగల్లేదు. గుండయ్యవీ చచ్చాయి, అబద్ధం చెప్పను. నలభైలో పదమూడు మిగిలాయి. మిగిలినవాటిలో బోడి మెడది ఉంది, కుంటిదీ ఉంది. సర్కస్ నిలబడింది.

నేను ఏడవలేదు. గంప బోర్లించాను, వాకిలంతా సున్నం చల్లాను, తలుపేసుకున్నాను. గల్లీలోవాళ్లు వచ్చి, ఏదైనా సాయం కావాలా అన్నారు. తలుపు సందులోంచే వద్దన్నాను. ఈ వయసులో ఇళ్లల్లో అంట్లు తోముకుంటానేమో గాని, ఒకరు జాలిపడి ఇచ్చినది ముట్టను. ఆ వారం టీలో పాలు మానేశాను. రెండో వారం టీ కూడా మానేశాను.

రోగం చల్లారి నెల దాటాక గుండయ్య గుమ్మం ముందు నిలబడ్డాడు. నెత్తి మీద గంప. చంకన పుంజు. చేతులు ఖాళీ లేక, పళ్ల మధ్య నల్ల పుస్తకం.

"దానమైతే గేటు బయటనే దించు," అన్నాను.

పుస్తకం నోట్లోంచి జారి కింద పడింది. అప్పుడు గాని మాట రాలేదు.

"దానమెవలిస్తున్నరు? నీ జుర్మానా వాపస్ తెచ్చిన."

గంప దించాడు. అందులో నాలుగు పెట్టలు. నాలుగింటికీ ఎడమ కంటి పైన చిన్న నల్ల మచ్చ. నా పెట్టలకు తరతరాలుగా ఉన్న మచ్చ అది. నేనే కూరకు అమ్మేసిన మచ్చ.

"ఎక్కడివి ఇవి?"

"సదువుకో," అని పుస్తకం తెరిచి ఇచ్చాడు.

కూడబలుక్కుని చదివాను. పేజీ పైన నా ఇంటిపేరు. కింద ముప్పై ఏళ్ల జుర్మానా గుడ్లు. ఒక్కటీ అట్టు కాలేదు. అన్నిటినీ తన పెట్టల కింద పొదిగించాడు. ఏ పిల్ల ఏ ఇంటికి పోయిందో రాశాడు. మొగుడొదిలేసిన ఫలక్‌నుమా చంద్రమ్మకు రెండు. కాలు విరిగి ఆటో ఆగిపోయిన ఏడాది జోయెల్‌కు రెండు. తల్లి లేని పిల్లలున్న కృపాకర్ ఇంటికి ఒకటి. పేజీలు తిప్పాను. కష్టం లేని ఇల్లు ఒక్కటీ కనబడలేదు.

"ఊకె ఇచ్చినవా అందరికీ?"

"ఊకె ఇస్తే తీస్కుంటరా? నీ అసోంటోళ్లే అందరు," అన్నాడు. "జాతి పోవద్దు, మీ ఇంట్ల దాచిపెట్టున్రి, గుడ్లు మీరు తినున్రి, అడిగిననాడు ఒక పిల్లనియ్యున్రి అన్న. ఇగ నిన్న అడిగిన. ఇచ్చిన్రు."

పుస్తకం మూసి కోపంగా అన్నాను. "ముప్పై ఏండ్లు నన్ను దొంగతనంగ దానం చేయించినవా?"

"దొంగతనమేంది? గోడ దూకింది నీ పుంజు."

గంపలోంచి ఒక పెట్టను ఎత్తుకున్నాను. మచ్చ మీద వేలుతో నిమిరాను. ఆయన ముఖం అటు తిప్పుకుని, చంకలోని పుంజుకు రెక్కలు సర్దసాగాడు.

"ఆ పుంజెవల బిడ్డ?" అన్నాను.

ఆయన ముఖం దీపావళి అయింది. ముప్పై ఏళ్లలో ఆ ప్రశ్న ఆయనను అడిగినవాళ్లు లేరు.

"మేకలోళ్ల పిల్లగాడు. బండారోళ్లతోని చుట్టరికం లేదు. ముత్తాత దాక సదివి చెప్పాల్నా?"

"వద్దు, అన్నా. నమ్మిన. పుంజును దించు, టీ పెడుత. పాలు లేవు."

"పాలు నేను తెస్త," అని గేటు దాటాడు. "జుర్మానాల రాస్కో."

ఇప్పుడు నా వాకిట్లో పాతిక కోళ్లున్నాయి. ఒక్కటి ఇంకో దానిలా లేదు. మొన్న వైకుంఠం సేటు వచ్చి, మంచి పిల్లల్ని ఇవ్వమని అడిగాడు. ఏ షెడ్డుకు, అక్కడ ముందు ఎవరున్నారు, వాళ్లమ్మ ఎవరు అని గంట సేపు నిలబెట్టి అడిగాను. సేటు చెమట తుడుచుకున్నాడు. గోడవతల గుండయ్య దగ్గాడు, నవ్వాపుకోవడానికి.

నిన్న నా కొత్త పుంజు గోడ దూకింది. ఆయన జుర్మానా అడగలేదు, మరిచిపోయాడేమో. నేనే రెండు గుడ్లు కొంగున పెట్టుకుని పోయి ఇచ్చాను. ఎవరింటికి పోతాయో అడగలేదు. ఇంటిపేరు మాత్రం తప్పులు లేకుండా రాయమన్నాను.