షెన్ గువాంగ్ అంగీకి పసుపు

మంగాదేవిగారి గురించి చెప్పాలంటే ముందు మా అత్తగారు అన్న మాట చెప్పాలి. చెప్పడం నాకు ఇష్టం లేదు. కానీ అది దాచిపెట్టి మిగతాది చెబితే కథ కుంటుతుంది.

2004 మే నెలలో ఆక్లాండ్ శివారు పాపటోయిటోయిలో మంగాదేవిగారి భర్త మధుసూదనరావుగారు పోయారు. వాళ్ళది ప్రొద్దుటూరు. న్యూజిలాండ్‌కు డ్రాఫ్ట్స్‌మన్‌గా వచ్చి, ఆ పని దొరక్క, విమానాశ్రయం దగ్గర గోడౌన్‌లో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతూ సెటిల్ అయిపోయిన మనిషి. పనిలో ఉండగానే గుండె ఆగింది. పిల్లలు లేరు. దహనానికి ముందు ఆఖరి చూపుకు వెళ్ళిన పాతిక మందిమీ శవపెట్టె చుట్టూ వరుసగా తిరుగుతున్నాం. ఆయనకు కొత్త తెల్ల చొక్కా తొడిగారు, భార్య కుట్టినదే. కాలరు కొసన పసుపు చుక్క ఉంది. మా అత్తగారు శకుంతలగారు అక్కడ ఆగి, గొంతు కూడా తగ్గించకుండా, "చావుబట్టకి పసుపు పెట్టావేంటమ్మా? ఎవరూ చెప్పలేదా నీకు?" అన్నారు.

కొత్త బట్ట కట్టుకునే ముందు మూలకు కాస్త పసుపు పెట్టడం మనందరికీ అలవాటే. పోయినవాళ్ళకు కప్పే బట్టకు మాత్రం పెట్టరు. మంగాదేవిగారు ఆ చొక్కాను ఆయన పుట్టినరోజు కోసం కుట్టి, పసుపు పెట్టి, బీరువాలో ఉంచారు. శవాన్ని సిద్ధం చేసేవాళ్ళు ఫోన్ చేసి మంచి బట్టలు కావాలంటే అదే తీసి ఇచ్చారు. ఇందులో నేరం ఏమీ లేదని నాకు అప్పుడే తెలుసు. నేను అత్తగారి పక్కనే నిలబడి ఉన్నాను. ఊరకున్నంత ఉత్తమం లేదు, బోడిగుండంత సుఖం లేదు అనుకుని ఊరుకున్నాను. మంగాదేవిగారు చీర కొంగుతో ఆ చుక్కను తుడవబోయారు. అది పోలేదు.

ఆ తర్వాత ఆవిడ ఉగాదికి రాలేదు, కార్తీక వనభోజనాలకూ రాలేదు. మేమూ పిలవలేదు. పిలిచినా రారులే అని మాకు మేమే చెప్పుకున్నాం. అలా చెప్పుకోవడంలో మాకు మంచి ప్రావీణ్యం ఉంది.

మిగతాది రెండేళ్ళ తర్వాత ఆవిడ నోట విన్నదే.

ఆవిడ ఒంటిగది ఫ్లాట్‌లో ఉండేవారు. జాకెట్లు కుట్టేవారు, ఫిజీ హిందూ ఆడవాళ్ళు ఫాల్స్ వేయించుకోవడానికి వచ్చేవాళ్ళు. కానీ శుక్రవారం సాయంత్రం నుంచి సోమవారం పొద్దుటి దాకా, కింద డెయిరీ అనే చిల్లరకొట్టులో పాల సీసా కొని 'థాంక్యూ' అనడం తప్ప, నోటి నుంచి ఇంకో మాట వచ్చేది కాదట. ఒక ఆదివారం, గొంతు ఉందో పోయిందో చూసుకుందామని, కుట్టుమిషన్ సూది సైజులు పైకి చదివారట. ఈ మాట నవ్వుతూనే చెప్పారు. నాకు నవ్వు రాలేదు.

2006 జూన్‌లో పాపకూర అనే ఊళ్ళో ఒక పని దొరికింది. రైలు పట్టాల పక్కన ఒకప్పుడు ఉన్ని నిల్వ చేసిన పాత షెడ్డు. ఏదో చైనా చరిత్ర సీరియల్‌ను ఇక్కడి కొండల్లో, గడ్డి మైదానాల్లో తీస్తున్నారు. దానికి బట్టలన్నీ ఆ షెడ్డులో కుడుతున్నారు. మంగాదేవిగారి వంతుకు ముఖ్యపాత్ర బట్టలు వచ్చాయి. ఆ పాత్ర పేరు షెన్ గువాంగ్. పదకొండు వందల ఏళ్ళ కిందట టాంగ్ రాజవంశం చివరి రోజుల్లో ఒక రాష్ట్రాన్ని గుప్పిట పెట్టుకున్న సేనాని.

"పాలెగాడన్నమాట" అన్నారు ఆవిడ నాతో. సీమలో పుట్టినవాళ్ళకు అంతకంటే వివరం అక్కర్లేదు.

ఆ వివరాలు ఆవిడకు చెప్పింది మిసెస్ ఫాంగ్. డెబ్బై ఏళ్ళ మనిషి, స్కూల్లో చరిత్ర చెప్పి రిటైరయ్యారు. ఏ బట్ట ఆ కాలానికి సరిపోతుందో, ఏది సరిపోదో చెప్పడం ఆవిడ ఉద్యోగం. ఆవిడ సంతకం చేసిన చీటీ లేకుండా ఏ అంగీ షెడ్డు దాటదు. బొత్తాలు తప్పని, కాలరు తప్పని బట్టలను కుప్పలుగా వెనక్కి పంపేవారు. అందరూ ఆవిడను తప్పించుకుని తిరిగేవాళ్ళు. మంగాదేవిగారు మాత్రం పెద్దామె కదా అని 'ఫాంగక్కా' అన్నారు. ఆ పిలుపుకు ఆవిడ పలకడం మొదలుపెట్టారు. ఇద్దరిదీ సగం సగం ఇంగ్లీషే. టీ తాగేటప్పుడు షెన్ గువాంగ్ కథ రోజుకు కొంచెం నడిచేది.

షెన్ గువాంగ్‌ను సరిహద్దు కాపాడమని పంపారు. కంచే చేను మేసింది. పన్నులు రాజధానికి పంపడం మానేశాడు, సైన్యం తనదన్నాడు. కానీ ప్రతి కొత్త సంవత్సరానికీ చక్రవర్తికి దండం పెడుతూ ఉత్తరం మాత్రం రాసేవాడు. ఆ చక్రవర్తికి పదమూడేళ్ళు, ఆయన మాట సొంత అంతఃపురంలోనే చెల్లదు. షెన్‌కు కడుపున పుట్టినవాళ్ళు లేరు. అప్పటి సేనానుల పద్ధతిలో తన దండులోని మొనగాళ్ళకు తన ఇంటిపేరు ఇచ్చి కొడుకులుగా చేసుకున్నాడు. అలా యాభై ముగ్గురు కొడుకులు. ముసలితనంలో జబ్బు పడేసరికి ఒక్కొక్కడూ తన వంతు ఊళ్ళు పట్టుకుని గుర్రమెక్కి వెళ్ళిపోయాడు. చివరికి ఆ కోటలో మిగిలింది ఒక ముసలి నౌకరు.

"నాకు ఒక్కడూ ల్యాకపాయ, ఆయప్పకు అంతమంది ఉండీ ల్యాకపాయ" అన్నారు మంగాదేవిగారు, నా జాకెట్ గుడ్డ సరిచేస్తూ.

షెడ్డులో ఆ నటుడి కొలతలతో గుడ్డలు కుక్కి చేసిన బొమ్మ ఒకటి ఉండేది. ఛాతీ నలభై రెండు. మధుసూదనరావుగారిదీ నలభై రెండే. ఆవిడ గుండుసూదులు గుచ్చుతూ ఆ బొమ్మతో మాట్లాడేవారట. వాన పడుతోందనీ, రైలు ఆలస్యమైందనీ, పొద్దున ఉప్మాలో ఉప్పు మరిచిపోయాననీ. అక్కడ మిషన్ల హోరులో ఎవరికీ వినపడదు, విన్నా తెలుగు తెలియదు. ఆ కొన్ని వారాలు బాగా గడిచాయని ఆవిడే చెప్పారు.

ముందు ఆరు అంగీలు కుట్టారు. ఊదా, నీలం, నలుపు. ప్రతి అంగీ పూర్తికాగానే లోపలి అంచు మూలకు చిటికెడు పసుపు పెట్టేవారు. పాత కెమెరా రీలు డబ్బాలో పసుపు పోసుకుని సూదులపెట్టెలో ఉంచుకునేవారు. ఇంట్లో ఇంకెవరి కొత్త బట్టకూ పెట్టే పని లేదు కదా. తన బట్టలు తనే కొనుక్కుని తనే పసుపు పెట్టుకోవడానికి, అందులోనూ ఆయన పోయాక, ఆవిడకు మనసొప్పలేదు. ముదురు రంగుల మీద ఆ చుక్క ఎవరి కంటా పడలేదు.

ఏడోది తెల్ల పట్టు. మిగతా అంగీలన్నిటికీ ముడి కుడి పక్కన, దీనికి ఎడమ పక్కన. కత్తిరింపు తారుమారైందేమోనని అడిగితే, కత్తిరించినవాళ్ళు అలాగే కుట్టమన్నారు. కుట్టారు. జూలై పదో తేదీ సోమవారం అంగీ పూర్తయింది. అలవాటుగా పసుపు పెట్టి, బొమ్మకు తొడిగి, "బాగుండాది నీకు" అన్నారు. మధ్యాహ్నం టీ దగ్గర మిసెస్ ఫాంగ్‌ను మాటవరసకు అడిగారు, ఈ ముడి ఎందుకిలా అని.

"బతికున్నవాళ్ళకు కుడి పక్కన ముడి. చనిపోయినవాళ్ళకు ఎడమ పక్కన. ఇది అతన్ని పాతిపెట్టే అంగీ" అన్నారు ఆవిడ.

మంగాదేవిగారు టీ కప్పు అక్కడే పెట్టి లేచి వెళ్ళిపోయారు.

"చచ్చినోని గుడ్డకు పసుపు పెడ్తినే మళ్ళా, అనుకుంటినమ్మా" అని నాకు చెప్పారు. ఉద్యోగం పోతుందన్న భయం సరే, దానికంటే పెద్ద భయం ఒకటి ఉంది. ఒకసారి చేస్తే పొరపాటు. రెండోసారీ చేస్తే, ఆ రోజు శకుంతలగారు అన్నది నిజమే, తన చెయ్యే అలాంటిది. రెండేళ్ళుగా లోపల నానుతున్న ఆ మాట అప్పుడు పైకి తేలింది.

సబ్బు పెట్టారు. పసుపుకు సబ్బు తగిలితే ఏమవుతుందో మనకు తెలుసు, ఎర్రగా తిరిగింది. నిమ్మరసం అద్దితే మళ్ళీ పసుపు పచ్చ. పసుపును తీసేది ఎండ ఒక్కటే. ఆక్లాండ్‌లో జూలై అంటే నడి చలికాలం, ఎండ కావాలంటే ఎక్కడ తెస్తాం? మంగళవారం వాన, బుధవారం వాన. గురువారం ఓ పావుగంట మబ్బు విడితే, ఆ మూలను కిటికీ అద్దానికి ఆనించి పట్టుకుని నిలబడ్డారట, అన్నం కూడా తినకుండా. చుక్క లేతబడింది గానీ పోలేదు. శుక్రవారం ఉదయం మిసెస్ ఫాంగ్ కళ్ళద్దాలు పెట్టుకుని వచ్చారు.

తెల్ల పట్టు మీద ఆవిడ వేలు సరిగ్గా అక్కడే ఆగింది. "ఇదేమిటి?"

అబద్ధం ఆడలేదు. మా దగ్గర కొత్త బట్టకు ఇంట్లోవాళ్ళు పెడతారు, మంచి జరగాలని, అన్నారు మంగాదేవిగారు.

మిసెస్ ఫాంగ్ కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "ఆ కాలంలో ఈ రంగు చక్రవర్తి ఒక్కడిదే. ఇంకొకరు కట్టుకుంటే తల పోతుంది. కట్టుకో, నువ్వే చక్రవర్తివి అని కొడుకులందరూ ఇతన్ని బతిమాలారు. జీవితంలో అన్నీ లాక్కున్నాడు గానీ ఈ రంగు జోలికి పోలేదు. ఇతను చచ్చిన వారానికే పెద్ద కొడుకు కట్టుకున్నాడు. కాబట్టి ఈ ఒంటి మీద ఇది ఉండకూడదు."

"ఇది రెండోసారి అక్కా" అన్నారు మంగాదేవిగారు. ఇంగ్లీషు చాలలేదు. చొక్కా, పెట్టె, కాలరు, శకుంతలగారు అన్న మాట, వచ్చిన మాటలతో, రాని చోట చేతులతో చెప్పారు. రెండేళ్ళలో ఎవరికీ చెప్పనిది ఒక చైనా పంతులమ్మకు చెప్పారు. ఏడ్చారు కూడా.

ఫాంగక్క అంగీని ఒళ్ళో వేసుకుని, "యాభై ముగ్గురు కొడుకులు. ఈ పాటి చేసే మనిషి ఒక్కరు లేరు ఆ ఇంట్లో. మీ ఆయనకు నువ్వున్నావు" అన్నారు. అంచును రెండు వేళ్ళ వెడల్పున లోపలికి మడిచి చూపించారు. "ఇక్కడ రెట్టింపు మడత వెయ్యి. కనపడనిది నేను చూడలేదు." చీటీ మీద సంతకం చేసి వెళ్ళిపోయారు.

మంగాదేవిగారు మడత వేసి, పసుపును లోపల పెట్టి కుట్టేశారు. షెన్ గువాంగ్ ఆ అంగీతోనే కొండల్లోకి వెళ్ళాడు. సీరియల్ ఇక్కడి టీవీలో రాలేదు. చివరి భాగంలో ఆ ముసలి నౌకరు అంగీ తొడిగేది ఎలా తీశారో ఆవిడ చూడనేలేదు.

సెప్టెంబర్‌లో షెడ్డు ఖాళీ చేశారు. బొమ్మలోని గుడ్డలు పీకి బయట పారేశారు. ఫాంగక్క టౌరంగాలో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతూ ఒక కాగితపు పొట్లం చేతిలో పెట్టారు. మళ్ళీ ఒంటిగది ఫ్లాట్, డెయిరీ, పాల సీసా.

నవంబర్‌లో నేను జాకెట్లు కుట్టించుకోవడానికి వెళ్ళాను. ఇంకెవరూ దొరకక వెళ్ళాను, పుణ్యానికి కాదు. ఎండాకాలం మొదలైనా ఆవిడ ఒంటి మీద బూడిదరంగు ఉన్ని స్వెట్టరు ఉంది, చేతుల్లేనిది. ఉక్కపోయడం లేదా ఆంటీ అని అడిగాను. అప్పుడే ఈ కథంతా చెప్పారు. చివర స్వెట్టరు అంచు తిప్పి చూపించారు. ఆ పొట్లంలోది ఇదే, ఫాంగక్క స్వయంగా అల్లినదట. లోపలి మూలన మరకలా పసుపు పచ్చగా ఉంది.

"వాసన చూడు" అన్నారు.

వంగి చూశాను. ధనియాలు, మెంతులు, కాస్త కారం. సూపర్‌మార్కెట్‌లో దొరికే కర్రీ పౌడర్. పాపం ఫాంగక్కకు అదే పసుపు అనిపించింది.

"ఉతికితే పోతుందని ఉతకలేదమ్మా" అన్నారు.

మా వంటింట్లో అప్పటికి రెండు కిలోల పసుపు ఉంది, గుంటూరు నుంచి తెప్పించుకున్నది. చుట్టుపక్కల ఉన్న మన ఇళ్ళన్నిటిలోనూ ఉంది. నాకు సిగ్గేసింది. అత్తగారి మీద నెట్టేద్దామన్నా ఆ సిగ్గు కదల్లేదు, అది నాదే. "ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను ఆంటీ" అన్నాను.

ఆవిడ మెడలోని టేపు తీసి నా భుజం మీద పెట్టారు.

"తెలుసులే నిరుపమా. చూస్తి నిన్ను" అన్నారు. "చెయ్యెత్తు."