చివరి పెట్టె ఎర్రదీపం

ఎడ్విన్ మోసప్‌ను పక్క క్యాబిన్‌లో పనిచేసిన పద్దెనిమిదేళ్లలో నేను కళ్లారా చూసింది గట్టిగా లెక్కేస్తే ఇరవైసార్లు ఉండదు. అతని సిగ్నల్ క్యాబిన్ స్కార్‌బెక్‌లో, నాది హాల్‌గర్త్‌లో. మధ్యలో నాలుగు మైళ్ల పట్టాలు, ఒక పక్క సముద్రం, ఇంకో పక్క గొర్రెలు. అయినా నా మొగుడికంటే మోసపే నాకు బాగా తెలుసని ఊరంతా చెప్పుకు తిరిగేదాన్ని. తెలియకేం? రోజుకు యాభైసార్లు ఆ మనిషి చెయ్యి నా క్యాబిన్‌లో గంటను మోగించేది.

మా మాటలన్నీ గంటల్లోనే. రైలు పంపనా అని నేను కొడితే, పంపు అని అతను తిరిగి కొట్టాలి. ఆ రైలు తన క్యాబిన్ దాటి వెళ్లిపోయాక రెండు కొట్టి, ఆగి, ఒకటి కొట్టాలి. దారి ఖాళీ అని దాని అర్థం. అది వినేదాకా నేను ఇంకో బండిని వదలకూడదు. మోసప్ గంట తొందరపడేది కాదు, బద్ధకించేదీ కాదు. వందమంది చేత కొట్టించండి, అతనిది ఏదో కళ్లు మూసుకుని చెప్తాను అని పబ్బులో కోతలు కోసేదాన్ని.

సన్నగా, పొడుగ్గా ఉండే మనిషి. మెట్లెక్కగానే బూట్లు గుమ్మం దగ్గర విప్పేసి, భార్య మార్జరీ బతికుండగా అల్లిన ఉన్ని మేజోళ్లతోనే క్యాబిన్‌లో తిరిగేవాడు. సిగ్నళ్లను కదిపే ఇరవైరెండు లివర్లూ అద్దంలా మెరవాలి. చేతిలో గుడ్డ లేకుండా ఒక్కదాన్నీ ముట్టుకోడు, మనల్నీ ముట్టుకోనివ్వడు. ఏదైనా బండి సిగ్నల్ దగ్గర ఆగి ఉంటే, మర్చిపోకుండా ఆ లివర్ మెడకు ఒక ఇనుప కడియం తగిలించాలని మా రూలు. మోసప్ టీ కెటిల్‌కి కూడా కడియం తగిలిస్తాడని మేం ఏడిపించేవాళ్లం. అతను నవ్వేవాడు కాదు, కోపం తెచ్చుకునేవాడూ కాదు.

అన్నిటికంటే పెద్ద చాదస్తం దీపం. ప్రతి రైలుకూ చివరి పెట్టె వెనక ఒక ఎర్రదీపం ఉంటుంది. అది కనబడితే రైలు మొత్తం వచ్చేసినట్టు. కనబడకపోతే వెనక పెట్టెలేవో తెగి దారిలో ఉండిపోయాయేమోనని అనుమానించాలి. బండి వచ్చిందంటే మోసప్ శవయాత్రకు నిలబడ్డట్టు కిటికీ దగ్గర చేతులు జారవేసి నిలబడేవాడు. దీపం కంటపడ్డాకే గంట ముట్టేవాడు.

"ఇప్పటి బండ్లకు బ్రేకు గొట్టం తెగితే రెండు ముక్కలూ వాటంతటవే ఆగిపోతాయయ్యా పెద్దాయనా" అన్నాను ఒకసారి ఫోన్లో.

"ఆగుతాయి సరే. ఎక్కడ ఆగుతాయి పిల్లా? పట్టాలమీదే కదా. వెనకొచ్చే బండికి ఎదురుగానే కదా."

ఇలాంటి మనిషి సర్వీసు మొత్తంలో ఒకే ఒక్క మచ్చ. పదకొండేళ్ల కిందట, కారణం లేకుండా, నా వైపు రావాల్సిన ప్రయాణికుల బండిని పన్నెండు నిమిషాలు తన సిగ్నల్ దగ్గర ఆపేశాడు. పైవాళ్లు సంజాయిషీ అడిగితే "ఆలస్యం నాదే" అని ఒక్క ముక్క రాసిచ్చాడు. నేను ఊరుకున్నానా? "ఏం పెద్దాయనా, కునుకు పట్టిందా?" అని ఆ తర్వాత ఎన్నేళ్లో దెప్పాను.

తొంభై ఏడులో మాకు కాగితం వచ్చింది. ఈ తీగలు, లివర్లు, స్తంభం మీద లేచి పడే రెక్క సిగ్నళ్లు అన్నీ పీకేస్తారట. ఎక్కడో దూరాన ఒక ఆఫీసులో కూర్చుని రంగు దీపాలతో నడిపిస్తారట. నవంబరులో ఒక ఆదివారం మధ్యాహ్నం ముహూర్తం. నాకు ఏడుపొచ్చింది, బూతులూ వచ్చాయి. మోసప్ మాత్రం ఒకే ఒక్కటి అడిగాడు: ఆ ఆదివారం డ్యూటీ నాకు వేయండి, నలభై ఒక్కేళ్లు లాగిన రెక్కల్ని ఆఖరిసారి నా చేత్తోనే కిందికి దించి, మూసివేత గంట నేనే కొడతాను. మా పై అధికారి లోమస్ సరేనని ఉత్తరం రాశాడు. ఆ ఉత్తరాన్ని మోసప్ కెటిల్ పైన గోడకు గుచ్చి పెట్టుకున్నాడు. రోజుకొకసారి దాని సంగతి ఎత్తేవాడు. ఆ మనిషి దేన్నైనా అంతగా కోరుకోవడం నేనెప్పుడూ ఎరగను.

ఇంకా అయిదు వారాలుందనగా, ఒక గురువారం మూడింటికి, సన్నగా తుంపర పడుతోంది. రాళ్ల బండి నన్ను దాటి మోసప్ వైపు వెళ్లింది. దాని వెనకే రెండు పెట్టెల ప్రయాణికుల బండి నా ప్లాట్‌ఫారం మీద ఆగింది. బడి పిల్లలు, సంతనుంచి తిరిగొచ్చే ఆడవాళ్లు, కిటికీలన్నీ ఆవిరి పట్టి ఉన్నాయి. డ్రైవరు కీత్ అప్పటికే తొమ్మిది నిమిషాలు లేటు.

"ఏమ్మా బెరిల్, పంపుతావా, ఇక్కడే కాపురం పెట్టమంటావా?" అని కింద నుంచి అరుస్తున్నాడు.

"నా దగ్గర అరిస్తే ఏం లాభం? ముందు రాళ్ల బండి ఉంది, దాని మీదెక్కి పో!"

అంతలో గంట మోగింది. రెండు, ఒకటి. హమ్మయ్య అనుకుని వెంటనే కీత్ బండి సంగతి కొట్టాను. పంపమని జవాబొచ్చింది. లివర్ లాగాను, రెక్క పైకి లేచింది, గార్డు విజిలేశాడు, బండి కదిలింది.

అప్పుడు మళ్లీ గంట మోగింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు.

ఆరు గంటలు నేను అంతకుముందు శిక్షణలో తప్ప వినలేదు. ప్రమాదం, అన్నీ ఆపు అని దానర్థం. గుడ్డా గిడ్డా ఏమీ లేదు, వట్టి చేతులతో లివర్‌ను వెనక్కి తోశాను. రెక్క ధడాలున పడింది. కానీ ఇంజను ముక్కు అప్పటికే సిగ్నల్ దాటుతోంది. ఎర్రజెండా పట్టుకుని కిటికీలోంచి నడుం దాకా బయటికి వేలాడి గొంతు చించుకున్నాను. "కీత్! ఆపు! ఆపరా!" కీత్ చూశాడో లేదో తెలియని ఆ మూడు నాలుగు సెకన్లు ఇప్పటికీ నాకు కలలోకొస్తాయి. బ్రేకు కీచుమంది. సగం పెట్టె సిగ్నల్ దాటాక బండి ఆగింది.

ఫోన్ ఎత్తేసరికి అవతల మోసప్ ఊపిరి వినబడుతోంది.

"బండి ఆగిందా పిల్లా?"

"ఆగింది."

"నిజంగా ఆగిందా? ఒకసారి చూసి చెప్పు."

"కళ్లముందే ఆగి చచ్చింది బాబూ! కీత్ నన్ను తిడుతున్నాడు కూడా. ఏమైందో చెప్పి చావు!"



"నేను దీపం చూళ్లేదు" అన్నాడు.

రాళ్ల బండి వస్తున్నప్పుడే గేటు దగ్గర గొర్రెలు కంచె తోసుకుని పట్టాల వైపు వచ్చాయట. వాటిని అదిలించడానికి అటు కిటికీకి పరిగెత్తాడు. తిరిగి చూసేసరికి బండి మలుపు తిరిగి తుంపరలో కలిసిపోయింది. నలభై ఒక్కేళ్ల అలవాటున చెయ్యి దానంతటదే గంట కొట్టేసింది, నా బండికీ సరేననేసింది.

"రిజిస్టర్‌లో టైము రాద్దామని పెన్ను తీశాను పిల్లా. దీపం ఎలా వెలుగుతోందో గుర్తు చేసుకుందామంటే నాకు గొర్రెలే కనిపిస్తున్నాయి. దీపం లేదు."

రాళ్ల బండి మొత్తంగా వెళ్లిందా లేదా అన్నది తేలాలంటే, అది మోసప్ అవతల ఏడు మైళ్లు పోయి బ్రాకెన్‌సైడ్ క్యాబిన్ దాటాలి. అక్కడ రాబ్ చూసి చెప్పాలి. ఆ మెల్ల బండికి ఎంత లేదన్నా పద్దెనిమిది నిమిషాలు.

ఆ పద్దెనిమిది నిమిషాలు నేను కూర్చోలేదు. నాకూ మోసప్‌కూ మధ్య కొండ తొలిచిన దారి ఒకటుంది, ఎదుటిది ఏదీ కనబడదు. అక్కడ మూడు రాళ్ల వ్యాగన్లు నిలబడి ఉన్నట్టూ, కీత్ బండి వాటివైపు పరిగెత్తుతున్నట్టూ ఒకటే ఊహ. కింద బడి పిల్లలు కిటికీ ఆవిరి మీద వేళ్లతో బొమ్మలు గీస్తున్నారు. పైనుంచి ఫోన్లు: ఎందుకాగింది, ఎవరాపారు?

ఇంకో సంగతి కూడా నన్ను తొలిచేస్తోంది. అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. మా అమ్మ ఆసుపత్రిలో పోయిన రోజు, ఆ కబురు నాకు క్యాబిన్ ఫోన్లోనే తెలిసింది. రిసీవర్ చెవికి పెట్టుకుని గోడవైపు తిరిగి ఏడుస్తుంటే వెనక ఒక బండి దాటిపోయింది. దీపం చూడకుండానే మోసప్‌కు రెండు, ఒకటి కొట్టేశాను. ఏమీ కాలేదు. ఎవరూ అడగలేదు. నేనూ నోరు మూసుకున్నాను.

అందుకే ఫోన్ మళ్లీ తీశాను. "ఎడ్విన్, విను. దీపం సంగతి రాయకు. గొర్రెలు పట్టాలమీదికొచ్చాయని ఆరు కొట్టానని రాయి. గొర్రెలు వచ్చిన మాట నిజమే కదా!"

"నిజమే."

"మరి? రాస్తే ఆ రోజే నిన్ను దింపేస్తారు. నీ ఆదివారం పోతుంది పెద్దాయనా."

"తెలుసు పిల్లా. ముందు రాబ్‌ని చెప్పనీ."

మూడు ముప్పై నాలుగుకు రాబ్ ఫోన్ చేశాడు. రాళ్ల బండి దాటింది, దీపం నిక్షేపంగా వెలుగుతోంది, ఒక్క వ్యాగన్ కూడా తగ్గలేదు. నేను నేలమీదే చతికిలబడ్డాను. అక్కడినుంచే మోసప్‌కు చెప్పాను.

"అమ్మయ్య" అన్నాడు. "పిల్లలున్నారా ఆ బండిలో?"

"ఉన్నారు. ఏమీ కాలేదుగా, ఇంకెందుకు? రాయకు, నా మాట విను!"

"రాసేశాను పిల్లా. రాబ్ చెప్పకముందే రాసేశాను. తర్వాతయితే చెయ్యి ఆడదేమోనని."

మర్నాడు లోమస్ వచ్చి అతణ్ని ఇంటికి పంపేశాడు. విచారణ తేలేదాకా లివర్ ముట్టుకోకూడదు. గోడమీది ఉత్తరం మోసపే తీసి లోమస్ చేతికిచ్చాడట. విచారణ అయిదు వారాల్లో తేలుతుందా? మన ఆఫీసుల సంగతి తెలిసిందే.

మూసివేత ఆదివారం గాలి చలిగా వీస్తోంది. స్కార్‌బెక్ క్యాబిన్‌లో ఎవరో కొత్తవాణ్ని వేశారు. మధ్యాహ్నం రెండింటికి మోసప్ సైకిలు తొక్కుకుంటూ నా క్యాబిన్‌కు వచ్చాడు. తన క్యాబిన్ దగ్గరికి పోవడానికి మనసొప్పలేదేమో, నేను అడగలేదు. పైకి రమ్మంటే రాలేదు. డ్యూటీలో లేనివాడు లోపలికి రాకూడదని మెట్ల కిందే నిలబడ్డాడు. నేను కిటికీ తెరిచి పెట్టాను. గంట వినబడాలని.

మోగింది. ఏడు, అయిదు, అయిదు. మూసేస్తున్నాం అని.

"ఎవరిదో ఆ చెయ్యి" అన్నాడు కింద నుంచి. "మరీ తొందర."

నాకు దుఃఖం ఆగలేదు. కిటికీలోంచే అంతా కక్కేశాను. అమ్మ పోయిన రోజు, చూడని దీపం, కొట్టిన గంట. "నువ్వు చేసిందే నేనూ చేశాను ఎడ్విన్. దాచుకున్నాను. నువ్వు రాశావు, పోగొట్టుకున్నావు."

అతను టోపీ తీసి చేతుల్లో తిప్పుతూ నిలబడ్డాడు. "నాకు తెలుసు పిల్లా."

"ఎలా?"

"ఆ రోజు నీ గంట వణికింది. దీపం చూసినవాళ్ల చెయ్యి అలా వణకదు. అందుకే వెనక బండిని ఆపేశాను. నీ అవతల క్యాబిన్‌కు ఫోన్ చేసి, దీపం ఉందా అని మాటల్లో పెట్టి అడిగాను. ఉందన్నాకే వదిలాను."

పన్నెండు నిమిషాలు. కునుకు పట్టిందా అని నేను ఏళ్ల తరబడి దెప్పిన పన్నెండు నిమిషాలు.

"మరి సంజాయిషీలో నా పేరు ఎందుకు రాయలేదు?"

"ఆపింది నేనేగా. ఆలస్యం నాదే. అబద్ధమేం రాయలేదు." కాసేపు పట్టాల వైపు చూశాడు. తర్వాత, నిష్ఠూరంగా కాదు, ఊరికే తెలుసుకుందామన్నట్టు అడిగాడు. "ఆ గురువారం నా గంట ఎలా మోగింది పిల్లా? ఏమైనా తేడా వినిపించిందా?"

వందమందిలో అతని గంట పట్టేస్తానన్నదాన్ని. రెండు, ఒకటి వినగానే హమ్మయ్య అనుకున్నదాన్ని. ఎంత గుర్తు చేసుకున్నా కీత్ అరుపులు తప్ప చెవిలో ఏమీ లేదు.

"నేను వినలేదు ఎడ్విన్" అన్నాను.

అతను తల ఊపి టోపీ పెట్టుకున్నాడు. "జవాబు కొట్టు. అవతల ఆ కుర్రాడు కనిపెట్టుకుని ఉంటాడు."