నలభై పవర్ దుర్భిణి

మా బొల్లారంలో ఏ వస్తువునైనా ఒక్క ప్రశ్నతో తేల్చేస్తారు: "ఎంత పవర్?" బోరు మోటారుకూ అదే, జ్వరం గోలీకీ అదే. రెండు వందల యాభై గోలీ రాసిన డాక్టరు పనికిరానివాడు, ఐదు వందలది రాసిన ఆర్‌ఎంపీ దేవుడు. ఈ గోలీలకు మందు తయారుచేసే ఫ్యాక్టరీల్లోనే వీళ్లందరి ఉద్యోగాలు. అయినా బుద్ధి మాత్రం అంతే. అట్లాంటి చోట బర్నబా దుర్భిణి చేశాడు. అతని ఖర్మ.

బర్నబా మా ఫ్యాక్టరీలో ప్రెషర్ గేజీలు బాగుచేసే మెకానిక్. నేను అక్కడే స్టోర్ గుమాస్తాను. ఏదో సైన్సు పత్రికలో చదివి, అతను ఇంటి ముందు ఒక ఖాళీ కెమికల్ డ్రమ్ము నిలబెట్టాడు. దాని మీద ఒక గాజుబిళ్ల బిగించి, గరుకు పొడి చల్లి, ఇంకో బిళ్లతో రుద్దుతూ డ్రమ్ము చుట్టూ ఎనిమిది నెలలు తిరిగాడు. అట్లా గుంతపడిన అద్దమే దుర్భిణికి ప్రాణమట. షిఫ్టు బస్సు దిగినవాళ్లు కాసేపు నిలబడి చూసి 'గానుగెద్దు' అని పేరు పెట్టారు. చేతనైన పని అదొక్కటే కదా.

దుర్భిణిలో కన్ను ఆనించే చిన్న గొట్టాన్ని ఐపీసు అంటారు. ఎన్ని రెట్లు పెద్దగా కనిపించాలన్నది దాన్నిబట్టే ఉంటుంది. అది కొనేటప్పుడు మాత్రం బర్నబా కూడా అచ్చం బొల్లారం మనిషే అయ్యాడు. కోఠిలో దుకాణమంతా వెతికి, అన్నిటికన్నా ఎక్కువ పవరుది, రెండు వందల రెట్లది, ఆ ఏటి బోనస్ పోసి తెచ్చాడు. మొట్టమొదట భార్య సౌభాగ్యమ్మను పిలిచి చూడమన్నాడు.

"ఏం కనబడ్తలేదు. నల్లగున్నది" అంది ఆమె.

"జెర సక్కగ సూడు. నీ కన్నే సరిగ లేదు" అన్నాడు ఈ మహానుభావుడు.

సౌభాగ్యమ్మ రోజుకు నాలుగు జాకెట్లు కుట్టే మనిషి. సూదిలోకి దారం ఒక్క ఊపులో ఎక్కిస్తుంది. ఆమె కన్నును అంటే ఊరుకుంటుందా? మళ్లీ ఆ గొట్టం దగ్గరికి రాలేదు. రమ్మంటే, "నా కన్ను సరిగ లేదు గద" అనేది.

తప్పు తనదేనని తెలియడానికి అతనికి ఏడాది పట్టింది. పవర్ పెరిగేకొద్దీ కనిపించే ఆకాశం తగ్గిపోతుంది, వెలుగు పలచబడుతుంది, గాలి కదిలినా బొమ్మ వణుకుతుంది. తలుపు తాళం రంధ్రంలోంచి ఇల్లంతా చూడాలనుకున్నట్టు. తొంభై ఏడులో తోకచుక్క వచ్చిందని పేపర్లన్నీ రాసేసరికి బర్నబా మళ్లీ కోఠి పోయి, తక్కువ పవరుది కావాలని అడిగాడు. దుకాణంవాడు ఎగాదిగా చూసి, "తక్కువది ఎవలన్న అడుగుతరా?" అన్నాడు. విదేశీది తెప్పిస్తానని చెప్పిన ధర బర్నబా రెండు నెలల జీతం.

చివరికి ఎర్రగడ్డ ఆదివారం సంతలో, తుప్పు తాళాలూ పాత చెప్పుల మధ్య, ఒకవైపు పగిలిన బైనాక్యులర్ దొరికింది. దాని రెండో కంటి గొట్టాన్ని ఊడదీసి, చుట్టూ ప్లాస్టిక్ పైపు ముక్క బిగించి, దుర్భిణికి పెట్టుకున్నాడు. వచ్చింది నలభై రెట్లు. అందులో రెండు చందమామలు పక్కపక్కన పట్టేంత ఆకాశం కనిపించింది.

"సౌభాగ్యకు జూపియ్యాలె అన్నా" అన్నాడు నాతో. "తప్పు నా పాత ఐపీసుది, ఆమె కన్నుది గాదు. నోటితోని జెప్పిన, నమ్మలే. సూస్తె నమ్ముతది."

ఏప్రిల్ చివరి ఆదివారం, సాయంత్రం ప్రార్థన అయ్యాక, చర్చి వెనక మైదానంలో తోకచుక్కను చూపిస్తానని అందరికీ చెప్పాడు. భర్త మాట నలుగురిలో పోకూడదని సౌభాగ్యమ్మ కూడా వస్తానంది.

ఇది విన్న నర్సన్న పటేల్‌కు కడుపు మండింది. ఆయన ముత్తంగి దగ్గర పొలం కంపెనీకి అమ్ముకుని, మూడు ఇళ్లు కట్టి కిరాయికి ఇచ్చినవాడు. అందులో ఒకదాంట్లో నేనే ఉంటున్నాను. ఎవరి చేతనో దుబాయి నుంచి దుర్భిణి తెప్పించాడు. డబ్బా మీద వేలెడంత అక్షరాలతో 475 పవర్ అని రాసి ఉంది. లోపల ఈగ వాలినా వణికే సన్నకాళ్ల గొట్టం. పైన పటారం, లోన లొటారం.

ఆదివారం మబ్బు లేదు. పొగగొట్టాలకు పైన, పడమటి దిక్కున తోకచుక్క మామూలు కంటికే మసగ్గా కనిపిస్తోంది. మైదానంలో రెండు దుర్భిణులు. జనం రెండింటినీ ఒకే ప్రశ్న అడిగారు. జవాబు విని, నాలుగు వందల డెబ్బై ఐదు దగ్గర వరుస కట్టారు. బర్నబా దగ్గర ఒక కుక్క పడుకుంది.

నర్సన్న గొట్టంలో చీకటి తప్ప ఏమీ లేదు. ఒక్కొక్కడూ కన్ను పెట్టడం, "అబ్బ!" అనడం, పక్కకు జరగడం. గొర్రెలు నయం, ఎదురుగా గడ్డి ఉందో లేదో చూసి మరీ నోరు పెడతాయి. నా వంతు వచ్చింది. చీకటిని చూశాను. నర్సన్న నా వైపు చూస్తున్నాడు.

"మస్తున్నది పటేలా" అన్నాను. నలుగురితో నారాయణా.

నా వెనకే సౌభాగ్యమ్మ. చర్చి ఆడవాళ్లతో పాటు ఆమె కూడా ఇదే వరుసలో నిలబడింది. కన్ను ఆనించి చాలాసేపు చూసి, "ఏం కనబడ్తలేదు" అంది.

"అందరికి కనబడ్డది. కండ్లు జూపించుకో అమ్మా" అని నర్సన్న నవ్వాడు.

ఆమె నా వైపు తిరిగింది. "నీకు కనబడ్డదా అన్నా?"

ఇంటి యజమాని పక్కనే ఉన్నాడు. "కనబడ్డది" అన్నాను.

సౌభాగ్యమ్మ ముఖం పాలిపోయింది. బర్నబా పరుగెత్తుకొచ్చి, "నా దాన్ల ఒక్కసారి సూడు" అని చెయ్యి పట్టుకున్నాడు.

"నువ్వు అప్పుడే జెప్పినవ్, నా కన్ను సరిగ లేదని. నేనే ఇనలే" అంటూ చెయ్యి విడిపించుకుని ఇంటికి వెళ్లిపోయింది. కుట్టుపని చేసుకుని బతికే మనిషి ఆ రాత్రి ఏం నిద్రపోయి ఉంటుందో!

జనం పలచబడ్డాక బర్నబా ఐపీసులో చూశాను. తోకచుక్క నిండుగా ఉంది. తల మెరుస్తోంది, తోక పైకి విచ్చుకుని ఉంది. అంతవరకు అంత అందమైనది నేను చూడలేదు.

"మస్తున్నది తమ్మీ" అన్నాను.

"నర్సన్న దాన్ల సూసి గూడ గదే మాటన్నవ్ గద అన్నా" అని అతను ఐపీసు ఊడదీసి రుమాల్లో చుట్టుకున్నాడు.

ఆ వారం గాలి మళ్లి ఫ్యాక్టరీల పొగ పడమటికి కమ్ముకుంది. పొగ విడిచేసరికి తోకచుక్క దిగిపోయింది. మళ్లీ రావడానికి రెండు వేల నాలుగు వందల ఏళ్లట.

కొన్నాళ్లకు పటాన్‌చెరు షేర్ ఆటోలో సౌభాగ్యమ్మ నా ఎదురుగా కూర్చుంది. చేతిలో కంటి డాక్టరు చీటీ.

"నా కండ్లు మంచిగున్నయన్నడు అన్నా" అంది, చూపు తిప్పకుండా. "గా దినం నీకేం కనబడ్డది?"