గోవిందప్ప జేబులో ప్లగ్గు

బండికి స్టాండు వేశాడో లేదో, గోవిందప్ప చేతులు పనిలో పడతాయి. పెట్రోలు కట్టేస్తాడు. ముందు చక్రానికి గొలుసు చుట్టి, వాకిట్లో పాతిన రాతి కూసానికి తాళం బిగిస్తాడు. వెనక చక్రానికి ఇంకో తాళం. తర్వాత వంగి, ఇంజనులోంచి ప్లగ్గు ఊడదీసి, ఊదుకుంటూ చొక్కా జేబులో వేసుకుంటాడు. వేడి ప్లగ్గుకు జేబులు కాలి చిల్లులు పడుతుంటే, భార్య ఓబమ్మ అన్ని చొక్కాలకూ లోపల గోనెపట్ట కుట్టింది. ధర్మవరం నేతగాళ్ళ వీధిలో పట్టుచీరకన్నా బండిని భద్రంగా చూసుకునే మనిషి ఆయనొక్కడే.

పోనీ అదేమైనా కొత్త బండా అంటే, పాత ఇనుము కొనే తిప్పయ్య దాని చుట్టూ ఒకసారి తిరిగి, "దీన్ని ఎత్తుకపోవాలంటే నువ్వే నాకు కూలి ఇయ్యాలన్నా" అని వెళ్ళిపోయాడు.

పక్కింటి హరినాథ్‌కు ఈ తతంగమంతా రోజూ వేడుక. మగ్గాల మీంచి దిగిన చీరలను అంగళ్ళకూ పెళ్ళిళ్ళకూ చేర్చడం అతని పని. కొత్త బండి కొన్నాడు. తాళంచెవి దానికే వేలాడుతుంటుంది.

"మామా, ఆ బండిని దొంగతనం చేసేటోడు ఇంకా పుట్టలేదు," అనేవాడు.

"పుట్టింటాడు అల్లుడా. నడక నేర్చుకుంటాంటాడు," అనేవాడు గోవిందప్ప.

ముదిగుబ్బలో ఒక పెళ్ళికి ఇద్దరూ వెళ్ళారు. చేతిలో పెట్టిన అక్షింతలను గోవిందప్ప జేబులో పోసుకున్నాడు. మేళం జోరందుకోగానే గుప్పెడు తీసి విసిరాడు. అక్షింతలు పెళ్ళికూతురి మీద పడ్డాయి. ప్లగ్గు పెళ్ళికొడుకు నుదుటికి తగిలింది. బాసికం అడ్డముండబట్టి తల పగల్లేదు.

"ప్లగ్గు చదివించినావు, బాగుండాది. తక్కిన బండి యాడ మామా?" అన్నాడు పెళ్ళికొడుకు.

"బయట ఉండాది. అది ఇయ్యను. ఇదీ ఇట్టా ఇయ్యి," అని చెయ్యి చాపాడు గోవిందప్ప.

ఓబమ్మ ఒకసారి అడిగింది: "నన్నెవడన్నా ఎత్తుకపోతే ఇంత అగచాట్లు పడతావా?"

"నిన్నెట్ల ఎత్తుకపోతారు? నీది ప్లగ్గు తీసినా ఆగని ఇంజను."

ఆ పూట సంగటిలోకి ఊరిబిండి పచ్చడి పడలేదు.

ఆయన భయానికి కారణం లేకపోలేదు. మధ్యాహ్నం వేళ వీధిలో ప్రతి ఇంటా మగ్గం ఆడుతుంటుంది. ఆ చప్పుడులో గడప ముందు బండి స్టార్టయినా మగ్గం గుంతలో కూర్చుని నేసేవాడికి వినపడదు. గోవిందప్ప మొదటి బండి అలాగే పోయింది, ఆయనకు బారెడు దూరంలోంచి. అందుకే తాళాలు చాలవన్నట్టు, చక్రం పుల్లకు పట్టుపోగు ముడేసి, కిటికీలోంచి లోపలికి తెచ్చి, ముక్కుకెదురుగా ఒక ఇత్తడి గంటకు కట్టుకున్నాడు. వినపడకపోయినా కనపడుతుంది కదా. వీధిలో పోయే మేక పోగుకు తగిలినా చాలు, చేతిలో పోగు నేసే నాడెతోనే గుంతలోంచి లేచి పరుగెత్తుకొచ్చేవాడు.

"మామా, మేకకు లైసెన్సు ఉండాదేమో అడుగు!" అని అరిచేవాడు హరినాథ్.

అతన్ని విసిగించేవి రెండే. తన బండి చక్రాలకు ఎప్పుడూ ఏదో ఒక పట్టుపోగు చుట్టుకుని ఉండేది. "నీ మగ్గం చెత్తంతా నా బండికే తగులుకుంటాది," అంటే, "గాలప్పా, మన సీమ గాలి," అనేవాడు గోవిందప్ప. రెండోది, హరినాథ్ బండి తీశాడంటే చాలు, ఆయన తల కిటికీలో ప్రత్యక్షం: "యాడికి అల్లుడా?"

ఒక మధ్యాహ్నం హరినాథ్ కదిరికి బయలుదేరాడు. ఆ సాయంత్రమే పెళ్ళి. బండికున్న సంచిలో ముహూర్తం చీర ఉంది. అది వేళకు చేరకపోతే పెళ్ళికూతురు పాత చీరతో పీటల మీద కూర్చోవాలి, హరినాథ్‌ను నమ్మి ఇక ఎవరూ చీర ఇవ్వరు. రెండు ముద్దలు తిని పోదామని ఇంట్లోకి వెళ్ళాడు. మగ్గాల చప్పుడును మించి బయట గోవిందప్ప గొంతు వినిపించింది.

"యాడికి అల్లుడా?"

"యాడికీ లేదు మామా, ఈడ సంగటి తింటాండా!"

ఈసారి గోవిందప్ప కేక పెట్టాడు.

"మరి నీ బండెక్కినోడు ఎవడ్రా!"

హరినాథ్ ముద్దతోనే బయటికి ఉరికాడు. గోవిందప్ప నాడె ఎత్తి పట్టుకుని వీధికి అడ్డంగా నిలబడి ఉన్నాడు. బండి మీదున్నవాడు ఆయన్ను తప్పించబోయి పక్కకు తిప్పాడు, నేరుగా వెళ్ళి గోవిందప్ప బండికి గుద్దుకున్నాడు. అది అంగుళం కదిలితే ఒట్టు. వాడు మాత్రం పల్టీ కొట్టి అరుగు కింద పడ్డాడు. మగ్గాలన్నీ ఆగాయి. వాణ్ణి కూర్చోబెట్టి పోలీసులకు ఫోన్ చేశారు.

"ఏం బండన్నా అది, కొండ మాదిరి!" అని మోకాలు పట్టుకున్నాడు దొంగ. "తాళాలన్నీ దానికే ఉండాయి కదా, తక్కినవన్నీ నాకే అనుకున్నా."

హరినాథ్ తన బండి దగ్గరికి పరుగెత్తాడు. సంచిలో చీర క్షేమం. చక్రం పుల్లకు తెగిన పట్టుపోగు వేలాడుతోంది. దాని కొసన నేతగాడు వేసే ముడి. గాలి ఎంత సీమ గాలైనా ముడులు వేయదు. గోడ వెంబడి చూశాడు. వీధిలోని బండ్లన్నిటి నుంచీ సన్నటి పోగులు గోవిందప్ప కిటికీలోకే, ఒక్కోటి ఒక్కో గంటకు పోతున్నాయి.

"ఏంది మామా ఇది?"

గోవిందప్ప తల గోక్కున్నాడు. "నా బండికి ఇన్ని తాళాలేస్తే, దొంగనాకొడుకు నీ బండి మీద పడతాడు కదప్పా. ఆ పాపం నాకెందుకు?"

"మరి చెప్పకూడదా?"

"చెప్తే నవ్వుతావు."

నవ్వడానికి ఇప్పుడు తీరిక లేదు. హరినాథ్ బండి ముందు చక్రం అప్పడంలా వంగిపోయింది. బస్సు కోసం కూర్చుంటే ముహూర్తం దాటిపోతుంది.

గోవిందప్ప తన బండి దగ్గర కూర్చున్నాడు. గొలుసు విప్పాడు. వెనక తాళం తీశాడు. జేబులోంచి ప్లగ్గు తీసి, తుడిచి, బిగించాడు. పెట్రోలు వదిలి ఒక్క తన్ను తన్నాడు. బండి దగ్గి, మొరిగి, లేచింది. సొంత తమ్ముడికి కూడా ఇవ్వని బండిని హరినాథ్ చేతికిచ్చాడు. వీధి నోరు తెరిచింది.

"యాడ ఆపినా ప్లగ్గు తీసి జేబులో ఏసుకో," అన్నాడు. "అక్షింతలు మాత్రం ఇంకో జేబులో."

హరినాథ్ చీర ఒళ్ళో పెట్టుకుని కదిలాడు. అన్నీ విప్పిన గోవిందప్ప పోగు విప్పడం మరిచిపోయాడు. లోపల గంట గణగణమంది.

"ఏమయ్యో, ఎవడో నీ బండి తోలుకపోతాండాడు!" అని ఇంట్లోంచి ఓబమ్మ కేక.

"పోనీలేవే," అన్నాడు గోవిందప్ప.