ఇద్దరికీ ఒకే జత గజ్జెలు

అశోక్‌నగర్‌లో మా వీధి డాన్సు స్కూలువాళ్లు ఈసారి తమ నాట్య పండుగకు కాలనీ ఆడవాళ్లతో కూడా ఒక డాన్సు చేయిస్తున్నారు. కొత్త తరహా నాట్యం, గజ్జెలు కట్టరు. నిన్న సాధనలో టీచరమ్మ నవ్వింది.

"ఆంటీ, ఎడమ కాలు ఇంట్ల పెట్టి వచ్చిన్రా? జర దాన్ని గూడ కదిలియ్యిండ్రి!"

నాకు చిన్నప్పటి చిక్కడపల్లి అద్దె ఇల్లు గుర్తొచ్చింది. నాన్న సుల్తాన్ బజార్‌లో అక్కకూ నాకూ కలిపి ఒకే జత గజ్జెలు కొన్నారు. దేవుడి ముందు పెట్టి, కళ్లకద్దుకుని, ఎడమ కాలికి అక్క, కుడి కాలికి నేను కట్టుకునేవాళ్లం. పక్కపక్కన నిలబడి గజ్జె ఉన్న కాలే వేసేవాళ్లం. రెండు కాళ్ల చప్పుడూ ఒక్క మనిషిదిలా వినిపించేది. కింది వాటా పెద్దమ్మ అరిచేది.

"మెల్లగ ఎగురుండ్రే! సున్నం రాలి మా పప్పుల పడుతున్నది!"

మీ ఇళ్లలోనూ ఇలా పంచుకున్నవి ఉండేవి కదూ?

అక్క పోయి ఏడాదయింది. ఎడమ కాలు ఎత్తబోతే తన వంతు లాక్కుంటున్నట్టు ఉంది. టీచరమ్మకు ఇదంతా ఏమని చెప్పను?

అప్పట్లో ఆ ఇంట్లో ఉన్నవాళ్లెవరైనా ఇది చదివితే, ఆదివారం పండుగకు రండి. అక్కను ఎరిగినవాళ్లు ఒక్కరు ఎదురుగా కూర్చున్నా, ఆ కాలు వేస్తాను.