లేపెయ్యండ్రా!

ఎనభైల్లో నేను జగ్గయ్యపేటలో ఒక దినపత్రికకు విలేకరిని. ఒక ఏడాదైతే పేపరు తెరిస్తే చాలు, ఊళ్లకు ఊళ్లు కొట్టుకుంటున్న వార్తలే. నాకూ అలాంటిదొకటి దొరక్కపోతుందా అని, నందిగామ బస్సెక్కినప్పుడల్లా కిటికీ పక్క సీటు పట్టేవాణ్ని.

దొరికింది. చిల్లకల్లు దాటాక ఒక ఊళ్లో రైతులొకవైపు, ఊరవతల పల్లెలోని కూలీలొకవైపు, చేతుల్లో గడలతో ఎదురెదురుగా నిలబడి ఉన్నారు. "లేపెయ్యండ్రా!" అని ఎవరో అరిచారు. బస్సు ఆగలేదు, నేనూ దిగలేదు. నందిగామలో టీ తాగుతూనే 'ఇరువర్గాల మోహరింపు, చంపుతామంటూ కేకలు' అని రాసి, కవరు విజయవాడ బస్సు డ్రైవరు చేతిలో పెట్టాను. మర్నాడు మొదటి పేజీలో వేశారు.

నాలుగో రోజు ఆ పేపరు చంకన పెట్టుకుని, దర్జాగా అక్కడ దిగాను. ఊరి నిండా పోలీసులు. పల్లె మొదట్లో కప్పులేని మట్టిల్లు. తాటాకు కప్పు కప్పుగానే పక్కన నేలమీద కూర్చుని ఉంది. దాని నీడన ఒక ముసలావిడ పొయ్యి రాజేస్తోంది.

"ఏమైందమ్మా?"

"గోడలు ఎత్తు చేద్దామని మొన్న కప్పు గోడలమీంచి లేపి దింపించా నాయనా. మా పల్లెలో మగాళ్లు చాలరని ఊళ్లో రైతులూ వచ్చి తలో పక్కా పట్టారు. మళ్లీ ఎక్కించాలంటే పోలీసోళ్లు నలుగుర్ని చేరనివ్వట్లా. ఎవడో పేపర్లో రాశాడంట. పైన మబ్బు చూడు!"

వెనకనుంచి ఒక రైతు నా చంకలోకి తొంగిచూశాడు. "విలేకరి గారాండి? లేపెయ్యమన్నది నేనేనండి. కప్పుని. ముసల్దాన్ని కాదు."

"నన్ను లేపేవాడు ఇంకా పుట్టలేదులే అబ్బాయ్!" అంది ఆవిడ.

ఎస్సై దగ్గరికి వెళ్లి, బస్సు దిగి చూడకుండా రాశానని ఒప్పుకున్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "అయితే నువ్వూ ఓ గడ పట్టు," అన్నాడు. పట్టాను. ఇద్దరు కానిస్టేబుళ్లూ పట్టారు. రైతు మళ్లీ అదే కేక వేశాడు. చినుకు పడేలోపు కప్పు గోడలమీద కూర్చుంది.

"మావాళ్లు కొట్టుకోలేదని వేస్తావా నాయనా?" అంది ఆవిడ.

"వేస్తానమ్మా."

రాసి పంపాను. "గొడవ లేనిది వార్తెలా అవుద్దయ్యా?" అన్నారు ఆఫీసులో. రెండోసారి అడిగితే ఉన్న పని పోతుందేమోనని ఊరుకున్నాను. ఆ తర్వాత ఆ ఊరి మీదుగా వెళ్లినప్పుడల్లా బస్సులో అవతలి వైపు కూర్చునేవాణ్ని.

అమ్మా, ఆలస్యంగానైనా వేస్తున్నాను. ఆ రోజు మీ ఊళ్లో లేచింది కప్పు ఒక్కటే.