కోడలి మోటారు

ఆ వీధిలో అందరూ ఆమెను కాయిలక్క అనే పిలిచేవారు. మోటార్లు బాగుచేసే షాపు వెనక గదిలో కూర్చుని, కాలిపోయిన మోటార్లలోంచి నల్లబడ్డ తీగ లాగేసి, కొత్త రాగి తీగను కాయిళ్ళుగా చుట్టడం ఆమె పని. పద్దెనిమిదేళ్ళుగా అదే బల్ల, అదే స్టూలు. చుట్లు లెక్కపెడుతుండగా ఎవరైనా పలకరిస్తే జవాబు చెప్పి, లెక్క ఎక్కడ ఆపిందో అక్కడే అందుకునేది. ఆమె చుట్టిన మోటారు మళ్ళీ అదే రోగంతో షాపు గడప తొక్కిందన్న మాట ఎవరూ వినలేదు.

ఆమె మనసులో ఒక కోరిక ఉండేది. ఎవరో చేసిన మోటార్లను ఎన్నాళ్ళని బాగుచెయ్యడం? మేడ మీది ట్యాంకుకు నీళ్ళెక్కించే చిన్న పంపు మోటారును మొదటి స్క్రూ నుంచి చివరి రంగు దాకా తనే తయారు చెయ్యాలి. ఒకటీ రెండూ కాదు, ఊరందరికీ సరిపడా. పొడవాటి షెడ్డు, వరసగా బల్లలు, బల్లకో ఆడమనిషి. పెళ్ళైన కొత్తలో భర్తకు చెబితే, బస్సు నడిపే ఆ మనిషి అంతా విని, "అయితే మొదలుపెట్టు" అన్నాడు. "పిల్ల కాస్త నడవనీ" అంది ఆమె.

పిల్ల నడిచింది, పరుగెత్తింది, బడికి వెళ్ళింది. అంతలో ఇల్లు మారాల్సి వచ్చింది. తర్వాత షాపు ఓనరుగారికి గుండె ఆపరేషన్ అయింది. ఆయన్ని ఆ స్థితిలో వదిలి రావడం బాగుండదు. ఆపైన అత్తగారి మోకాళ్ళు. వీటిలో ఒక్కటీ అబద్ధం కాదు. వచ్చిన చిక్కల్లా అదే. అబద్ధమే అయితే ఆమె ఎప్పుడో సిగ్గుపడి లేచి ఉండేది.

ఒక ఆదివారం పొద్దున లేతు మిషను పెద్దాయన ఇంటికి వచ్చాడు. మోటార్ల ఇనప భాగాలు చెక్కి ఇచ్చే ఆయనకు ఆమె పనంటే గౌరవం.

"మా షాపు పక్క గది ఖాళీ అయిందమ్మా. నువ్వు తీగ చుట్టు, బాడీలు నేను చేసిస్తా. ఇంతకంటే మంచి సమయం రాదు."

"చేద్దాం బాబాయ్. కానీ సొంత పనంటే రోజంతా అక్కడే ఉండాలి. ఇప్పుడైతే మధ్యాహ్నం వచ్చి అత్తయ్యని చూసుకుంటున్నా. ఆవిడ మోకాళ్ళు కాస్త కుదుటపడనివ్వండి."

పెద్దాయన టీ తాగి వెళ్ళిపోయాడు. కిటికీ పక్కన చిక్కుళ్ళు ఒలుస్తున్న అత్తగారు గిన్నె కింద పెట్టింది.

"నా మోకాళ్ళు నాకంటే నీకే ఎక్కువ పనికొస్తున్నట్టున్నాయే."

"అదేంటత్తయ్యా, మీ కోసమేగా."

"నా కోసమైతే నన్నడగాలి. నిన్న కూరగాయలు ఎవరు తెచ్చారు? నేను కాదూ? మెట్లు దిగితే నొప్పే, కాదన్ను. నువ్వు షాపు మారకపోతే తగ్గే నొప్పా అది? పోనీ తగ్గిందనుకో. తర్వాత ఏం చెబుతావ్?"

తర్వాత చెప్పాల్సింది కోడలికి అప్పటికే నాలుక మీద ఉంది: పిల్ల కాలేజీ. అది అంత సిద్ధంగా ఉన్నందుకు ఆమెకే సిగ్గేసింది. నిజం చెప్పేసింది.

"భయమేస్తోందత్తయ్యా. ఎవరో చేసిన మోటారు కాలిపోతే వాళ్ళ ఖర్మ. నేను చేసింది కాలిపోతే?"

"కాలిపోతే బాగుచెయ్యి. ఇన్నేళ్ళూ చేసిందదేగా" అని అత్తగారు మళ్ళీ చిక్కుళ్ళ గిన్నె అందుకుంది.

ఆ సాయంత్రమే ఆమె వెళ్ళి గది చూసొచ్చింది. పని మానేస్తానని చెబితే ఓనరుగారు రెండు రోజులు ముభావంగా ఉండి, మూడో రోజు తీగ చుట్టే తన పాత మిషను తీసుకెళ్ళమన్నాడు.

మొదటి మోటారుకు రెండు నెలలు పట్టింది. స్విచ్చి వేస్తే తిరిగింది. పది నిమిషాలకు చెయ్యి పెట్టలేనంత వేడెక్కి, మూలిగినట్టు చప్పుడు చేసింది. ఆమె స్విచ్చి ఆపి స్టూలు మీద కూలబడింది. బాధ వెయ్యలేదు. పైపెచ్చు గుండెల మీది బరువు దిగినట్టయింది. ప్రయత్నించాం, కాలేదు, ఇక ఎవరూ ఏమీ అడగరు. ఆ హాయి తనకు పాతదేనని గుర్తుపట్టడానికి ఆమెకు కొంచెం సమయం పట్టింది. గుర్తుపట్టాక స్క్రూడ్రైవరు తీసుకుంది.

మోటారు విప్పి చూస్తే లోపలి గోడ ఒక పక్కన మాత్రం అద్దంలా మెరుస్తోంది. తిరిగే భాగం అక్కడ రాసుకుంటోంది. తీగలో తప్పేమీ లేదు. పక్క షాపులోంచి పెద్దాయన కొలత పరికరం పట్టుకొచ్చి, రెండుసార్లు కొలిచి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"మూత రంధ్రం వెంట్రుకవాసి పక్కకు పోయింది. నాదే పొరపాటమ్మా."

"మళ్ళీ చేద్దాం బాబాయ్."

రెండోది కూడా కుదరలేదు. మూడోది పొద్దుటి నుంచి సాయంత్రం దాకా తిరిగింది. ఆమె భోజనం కూడా దాని పక్కనే కూర్చుని చేసింది, మధ్యమధ్య జ్వరం చూసినట్టు చెయ్యి ఆనించి చూసుకుంటూ.

నాలుగేళ్ళు గడిచాయి. షెడ్డు దొరకలేదు గానీ, పక్క గదులు రెండూ తీసుకుని మధ్య గోడలు కొట్టించింది. తొమ్మిదిమంది ఆడవాళ్ళు బల్లల ముందు తీగ చుడుతున్నారు. ఒక వానాకాలం ఆరు మోటార్లలోకి నీళ్ళు దిగి తిరిగొచ్చాయి. ఆరింటినీ వెనక్కి తీసుకుని, రబ్బరు రింగు మార్చి, తనే ఇంటింటికీ వెళ్ళి బిగించి వచ్చింది.

ఆ మధ్య ఒక కాలనీ కట్టిస్తున్నాయన పిలిపించి, మూడు వందల ఇళ్ళకు మోటార్లు కావాలన్నాడు. తొమ్మిదిమందితో అన్ని ఎలా అవుతాయి? ఉన్న చోటు చాలదు. వచ్చేది వానాకాలం. "ఆలోచించి చెబుతానండీ" అని బయటికి వచ్చేసింది. మెట్లు సగం దిగాక ఆగింది. పైనుంచి ఎవరో సిమెంటు బస్తాలు దించుతున్న చప్పుడు. కొంగుతో ముఖం తుడుచుకుని, మళ్ళీ మెట్లెక్కి ఆయన బల్ల ముందు నిలబడింది.

"ముందు ఏ వీధి ఇళ్ళు పూర్తవుతున్నాయండీ?" అని అడిగింది.

ఇప్పటికి నూట నలభై ఇళ్ళకు బిగించారు. మిగతావి చుడుతున్నారు.